మురికిని చెప్పే ఇంగ్లీషు మాటల్లో తగినదాన్ని ఎంచుకోవడం ఎలా?

ఇంగ్లీషులో అపరిశుభ్రత గురించి రాయవలసి వచ్చినప్పుడు మనలో చాలామందికి మొదట తట్టే మాట ‘డర్టీ’. కాస్త గట్టిగా చెప్పాలనుకుంటే ‘వెరీ డర్టీ’ అంటాం. అదీ చాలదనిపిస్తే నిఘంటువు తెరిచి, అందులో పర్యాయపదాలుగా ఇచ్చిన ‘ఫిల్తీ’, ‘ఫౌల్’, ‘నాస్టీ’, ‘స్క్వాలిడ్’ అనే వాటిలో ఒకదాన్ని తీసి వాక్యంలో పెడతాం. నిఘంటువు వాటిని ఒకే వరుసలో ఇచ్చింది కాబట్టి అవన్నీ ఒకే అర్థానికి హెచ్చుతగ్గు మోతాదులని అనుకోవడం సహజమే గాని, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు వాటిని అలా వాడరు. మురికి ఎంత ఉందన్నది ఈ మాటల తేడాలో చిన్న భాగం మాత్రమే. ఆ మురికి ఏ పదార్థం, అది ఎలా చేరింది, కంటికి కనిపిస్తుందా లేదా, దాన్ని చూసినవారికి ఏమనిపించింది, అందుకు తప్పు ఎవరిమీద మోపుతున్నారు అన్న విషయాలను ఒక్కొక్క మాట ఒక్కొక్క విధంగా తనలో ఇముడ్చుకుంటుంది.

మాటను ఎంచుకునే ముందు ఈ అయిదు ప్రశ్నలూ వేసుకోవడం మంచి పద్ధతి. వీటిలో చివరిదాన్ని, అంటే నింద ఎవరిమీద పడుతోందన్న ప్రశ్నను, నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. మిగిలినవాటిలో పొరపాటు జరిగితే వాక్యం కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే. దీనిలో పొరపాటు జరిగితే మనం ఉద్దేశించని అవమానం ఒక మనిషికి జరుగుతుంది.

అసలు మురికి ఉందా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇది. పుస్తకాలు నేలమీద పరచుకొని, బట్టలు కుర్చీమీద కుప్పగా పడి, మంచం సర్దకుండా ఉన్న గదిని ‘డర్టీ రూమ్’ అని రాస్తే, ఆ గదిలో దుమ్ము, మరకలు, తిండి మెతుకులు ఉన్నాయని చదివేవారు అర్థం చేసుకుంటారు. అక్కడ ఉన్నది చిందరవందర మాత్రమే అయితే దానికి ‘అన్‌టైడీ’ లేదా ‘మెస్సీ’ అన్నది సరైన మాట. ‘అన్‌టైడీ’ కాస్త మర్యాదగా, వస్తువులు వాటి చోట్లలో లేవని మాత్రమే చెబుతుంది. ‘మెస్సీ’లో గందరగోళం పాలు ఎక్కువ, పైగా అది రెండు వైపులా కాలు వేసిన మాట, ఎందుకంటే పసిపిల్లవాడు అన్నం ఒలకబోసుకుంటూ తిన్నా, రంగులు చేతులకు అంటేలా బొమ్మ వేసినా దాన్నీ ‘మెస్సీ’ అనే అంటారు. వస్తువులు మరీ ఎక్కువై కాలు పెట్టే చోటు లేకపోతే ‘క్లటర్డ్’ అనాలి. క్లటర్డ్ బల్ల తళతళలాడేంత శుభ్రంగా కూడా ఉండవచ్చు. ఒక గది అన్‌టైడీగా ఉంటూ శుభ్రంగా ఉండవచ్చు, చక్కగా సర్ది ఉంటూ డర్టీగా ఉండవచ్చు. ఈ రెండు అక్షాలనూ విడిగా చూడడం అలవాటైతే సగం తప్పులు అక్కడే తొలగిపోతాయి.

‘డర్టీ’: అన్నిటికన్నా విశాలమైన మాట

నిజంగానే మురికి ఉందని తేలితే, వేరే మాట వాడడానికి ప్రత్యేకమైన కారణం లేనంతవరకు ‘డర్టీ’యే వాడండి. అది మురికి ఉన్న సంగతిని చెబుతుందే తప్ప దాన్ని చూసి మనకు కలిగిన రోతను చెప్పదు. భోజనం అయిన తరువాత కడగవలసిన పళ్లేలు ‘డర్టీ డిషెస్’, ఉతకవలసిన బట్టలు ‘డర్టీ క్లోత్స్’. ఈ మాటల్లో ఎవరినీ తప్పుపట్టడం లేదు. వాడిన వస్తువులు మురికి కావడం మామూలే కదా. చరిత్ర చూస్తే మాత్రం ఈ మాట పుట్టుక అంత మర్యాదైనది కాదు. ప్రాచీన నార్స్ భాషలో మలం అనే అర్థమున్న ‘డ్రిట్’ అనే పదం మధ్యయుగపు ఇంగ్లీషులోకి వచ్చి, అక్షరాలు తారుమారై ‘డర్ట్’ అయింది. శతాబ్దాల వాడుకలో ఆ తీవ్రత అరిగిపోయి, ఇప్పుడు అమెరికాలో తోటమట్టిని సైతం ‘డర్ట్’ అంటారు, మట్టిరోడ్డు ‘డర్ట్ రోడ్’ అవుతుంది.

ఈ మాట ఎంత చల్లబడిందంటే, సాంకేతిక రంగాలు దాన్ని ఏ నిందా లేని పారిభాషిక పదంగా తీసుకున్నాయి. విమానం చక్రాలనూ రెక్కల ఫ్లాప్‌లనూ కిందికి దించి ఎగురుతున్నప్పుడు గాలికి అడ్డు పెరుగుతుంది కాబట్టి ఆ స్థితిని పైలట్లు ‘డర్టీ కాన్ఫిగరేషన్’ అంటారు. కంప్యూటర్ మెమరీలో మార్పు జరిగి, ఆ మార్పు ఇంకా డిస్కులోకి చేరని పేజీని ‘డర్టీ పేజ్’ అంటారు. ఆ చోట్ల ‘ఫిల్తీ’ అని ఎవరూ అనరు, అనలేరు.

‘డర్టీ’ మెత్తగా ఉండేది వస్తువుల విషయంలో మాత్రమేనని గుర్తుంచుకోవాలి. మనుషుల ప్రవర్తనకు జతపడిన వెంటనే అది పదునెక్కుతుంది. ‘డర్టీ ట్రిక్’ అంటే కపటమైన దెబ్బ, ‘డర్టీ లుక్’ అంటే కోపంతో చూసిన చూపు, ‘డర్టీ జోక్’ అంటే బూతు హాస్యం. పనినుంచి వచ్చిన మనిషి చేతులు మట్టిగా ఉన్నాయని చెప్పాలంటే చేతులనే కర్తగా పెట్టి ‘హిజ్ హ్యాండ్స్ ఆర్ డర్టీ’ అనాలి. ‘హీ ఈజ్ డర్టీ’ అంటే ఆ మనిషి శుభ్రత తెలియనివాడనో, సందర్భాన్నిబట్టి నీతిలేనివాడనో అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ఆఖరికి చేతుల విషయంలో కూడా, ‘గెట్ యువర్ హ్యాండ్స్ డర్టీ’ అంటే కష్టపడి పనిలోకి దిగడమనే మంచి అర్థమూ ఉంది, అక్రమంలో పాలుపంచుకోవడమనే చెడ్డ అర్థమూ ఉంది. పక్క వాక్యాలే దాన్ని తేల్చాలి.

‘ఫిల్తీ’లో రోత ఉంది

‘ఫిల్తీ’ అన్నప్పుడు రెండు సంగతులు ఒకేసారి చెబుతున్నాం. మురికి ఒక్కరోజులో చేరింది కాదు, పేరుకుపోయింది అన్నది మొదటిది. అది చూసిన మనకు అసహ్యం కలిగింది అన్నది రెండవది. అతిథిగా వెళ్లినవారు ‘ది కిచెన్ వాజ్ డర్టీ’ అంటే వంటగదిని తుడవలేదని చెప్పినట్టు; ‘ది కిచెన్ వాజ్ ఫిల్తీ’ అంటే అక్కడ తినడానికి మనసొప్పలేదని చెప్పినట్టు. కాబట్టి ఫిర్యాదులో, నివేదికలో ఈ మాట వాడితే, ఆ అసహ్యాన్ని సమర్థించే వివరం తరువాతి వాక్యంలో ఇవ్వవలసిన బాధ్యత రాసేవారిమీద ఉంటుంది. వివరం లేకుండా వాడిన ‘ఫిల్తీ’ తిట్టుగానే మిగులుతుంది.

వ్యాకరణం విషయంలోనూ ఒక చిన్న జాగ్రత్త అవసరం. ‘ఫిల్తీ’ స్వతహాగానే అంచుకు చేరిన మాట కాబట్టి దానికి ముందు ‘వెరీ’ కన్నా ‘అబ్సల్యూట్‌లీ’ బాగా అతుకుతుంది. ‘వెరీ డర్టీ’, ‘అబ్సల్యూట్‌లీ ఫిల్తీ’ అన్నవి సహజమైన జతలు. ‘ఫిల్తీ రిచ్’ అన్న నుడికారంలో మురికి లేదు గాని అసూయో ఏవగింపో కలిసిన ‘అతిగా’ అన్న అర్థం ఉంది. డబ్బుకు ఈ విశేషణాన్ని అంటగట్టడం పాత అలవాటే: 1526లో విలియం టిండేల్ చేసిన కొత్త నిబంధన అనువాదంలోని ‘ఫిల్తీ లూకర్’ (లూకర్ అంటే డబ్బు, లాభం) అన్న జంట ఈనాటికీ అక్రమార్జనకు వాడుకలో ఉంది.

ఇంత ఉద్వేగమున్న మాటను చట్టం ఎలా వాడుతుందో చూడడం ఆసక్తికరంగా ఉంటుంది. అమెరికాలో 1938లో వచ్చిన ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, ‘ఫిల్తీ’, ‘పుట్రిడ్’ (కుళ్లిన) లేదా ‘డీకంపోజ్డ్’ (చివికిపోయిన) పదార్థం కలిసిన ఆహారాన్ని ‘అడల్టరేటెడ్’గా, అంటే కల్తీ అయినదిగా పరిగణిస్తుంది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వాడుకలో ‘ఫిల్త్’ అంటే పురుగుల ముక్కలు, ఎలుకల వెంట్రుకలు వంటివి. ఆ సంస్థ వాటిని లెక్కపెడుతుంది కూడా: 100 గ్రాముల వేరుశెనగ వెన్నలో సగటున 30 గాని అంతకు మించి గాని పురుగుల ముక్కలుంటే చర్య తీసుకోదగిన స్థాయిగా దాని పట్టికలో ఉంది. రోతను చెప్పే మాట అక్కడ కొలత పదంగా మారింది. చట్టపరమైన పత్రాన్ని అనువదించేవారు ఈ ‘ఫిల్త్’ను ‘రోత’ అనో ‘అసహ్యం’ అనో తెలుగు చేస్తే తప్పవుతుంది. ‘మాలిన్యం’ అన్నది దానికి దగ్గరగా ఉంటుంది.

‘ఫౌల్’, ‘నాస్టీ’

‘ఫిల్త్’, ‘ఫౌల్’ అన్నవి ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ‘ఫౌల్’ పాత రూపానికి నామవాచక ప్రత్యయం చేరి ‘ఫిల్త్’ అయింది, దాని నుంచి ‘ఫిల్తీ’ వచ్చింది. బంధుత్వం ఉన్నా వాడుకలో అవి దూరమయ్యాయి. ‘ఫిల్తీ’ ముఖ్యంగా కంటికి, ‘ఫౌల్’ ముఖ్యంగా ముక్కుకు సంబంధించినది. కుళ్లు, కంపు, చెడిపోవడం ఉన్నచోట ‘ఫౌల్’ అతుకుతుంది: ‘ఫౌల్ స్మెల్’, ‘ఫౌల్ ఎయిర్’, ‘ఫౌల్ బ్రెత్’. బురద కాళ్లతో వచ్చిన పిల్లవాడి బూట్లను ‘ఫౌల్ షూస్’ అంటే వాటినుంచి కంపు కొడుతోందని అర్థం వస్తుంది. రుచికీ ఇది వర్తిస్తుంది. తాగలేనంత చేదుగా ఉన్న మందు ‘ఫౌల్’ అవుతుంది, అది ఎంత శుభ్రంగా తయారైనా సరే.

ఈ మాటకు మరో శాఖ ఉంది. ఒకదానికొకటి చిక్కుకుపోవడం, అడ్డుపడడం అన్న అర్థం నావికుల భాషలో బలంగా నిలిచింది. లంగరు తన గొలుసులోనే చిక్కుకుంటే అది ‘ఫౌల్ యాంకర్’. ఓడ అడుగుభాగానికి నాచు, గుల్లజీవులు పట్టి వేగం తగ్గి ఇంధనం ఎక్కువగా కాలితే దాన్ని ‘ఫౌలింగ్’ అంటారు. ఆటల్లోని ‘ఫౌల్’, ‘ఫౌల్ ప్లే’ అన్నవి నియమభంగం, అన్యాయం అన్న నైతికార్థంనుంచి వచ్చినవి. పోలీసు వార్తల్లో ‘ఫౌల్ ప్లే’ అంటే మరణం వెనుక హత్య అనుమానం ఉందని, దానిలో మురికి ప్రసక్తే లేదు.

‘నాస్టీ’ విషయంలో నా సలహా స్పష్టం: మురికి అన్న అర్థంలో దాన్ని వీలైనంత తక్కువగా వాడండి. పూర్వం అది మురికినే చెప్పేది గాని, నేటి ఇంగ్లీషులో ‘అప్రియమైనది’, ‘ఇబ్బంది పెట్టేది’ అన్న అర్థమే ముందుకు వచ్చింది. ‘నాస్టీ కట్’ అంటే లోతైన గాయం, ‘నాస్టీ పర్సన్’ అంటే ఇతరులను కావాలని బాధపెట్టే మనిషి. శుభ్రంగా ఉంటుందని ఆశించినచోట ఒక్కసారిగా రోత కలిగించేది ఎదురైనప్పుడు మాత్రం, అంటే గ్లాసు అడుగున జిగురుగా ఏదో తగిలినప్పుడు, ‘నాస్టీ’ సరిగ్గా పలుకుతుంది.

‘స్క్వాలిడ్’ వాడే ముందు ఆలోచించవలసినది

ఈ మాటకు చోటు పరిమితం, బరువు ఎక్కువ. చొక్కా స్క్వాలిడ్‌గా ఉండదు, చెయ్యి ఉండదు. మురికి అన్న అర్థంలో ముఖ్యంగా మనుషులు బతికే చోట్లూ, బతికే స్థితులూ ‘స్క్వాలిడ్’ అవుతాయి. మురికి, ఇరుకు, పేదరికం, ఎవరూ పట్టించుకోకపోవడం అన్నీ కలిసినప్పుడు వచ్చే మాట ఇది. దీని నామవాచకమైన ‘స్క్వాలర్’ను ‘లివింగ్ ఇన్ స్క్వాలర్’ అన్న రూపంలో వార్తల్లో తరచు చూస్తాం.

చిక్కు ఎక్కడంటే, పట్టించుకోనిది ఎవరన్న సంగతిని ఈ మాట తేల్చి చెప్పదు. అక్కడ ఉండేవారే శుభ్రం చేసుకోలేదన్న నింద దానిలో వినిపించవచ్చు, నీళ్లూ మురుగు కాలువలూ ఏర్పాటు చేయవలసినవారు చేయలేదన్న నిందా వినిపించవచ్చు. వాక్యంలో కర్త స్పష్టంగా లేకపోతే చదివేవారు సాధారణంగా మొదటి అర్థమే తీసుకుంటారు, అంటే భారం బలహీనులమీదే పడుతుంది. అందువల్ల శిబిరాల్లో, ఇరుకు వాడల్లో బతికేవారి గురించి రాసేటప్పుడు ‘స్క్వాలిడ్ పీపుల్’ అన్న ప్రయోగాన్ని పూర్తిగా మానుకోవాలి, ‘స్క్వాలిడ్ కండిషన్స్’ అనాలి, ఆ స్థితులకు కారణం ఎవరో అదే పేరాలో రాయాలి. ఇది మర్యాద కోసం చేసే అలంకారం కాదు. నిజాన్ని నిజంగా చెప్పడానికి అవసరమైన పని.

ఏ పదార్థం, ఏ తీరున అంటింది?

ఒక తెల్ల చొక్కాను తీసుకుందాం. రోజంతా తొడుక్కున్నందువల్ల కాలరు దగ్గర మాసింది, అది ‘సాయిల్డ్’. జేబు దగ్గర సిరా పడి ఉతికినా పోలేదు, అది ‘స్టెయిన్డ్’. వేళ్ల ముద్రలు పడి అలుక్కుపోతే ‘స్మడ్జ్డ్’. యంత్రాల షెడ్డులో పని చేసినవారు తొడుక్కొని, మసీ జిడ్డూ నూలు పోగుల్లోకి దిగిపోతే ‘గ్రైమీ’. పిల్లవాడు మట్టిలో ఆడి వస్తే ‘గ్రబ్బీ’. ఎన్నో ఉతుకులు పడి తెల్లదనం చచ్చి బూడిదరంగుకు తిరిగితే ‘డింజీ’, ఆ స్థితిలో దానిమీద మురికి అసలు లేకపోవచ్చు.

వీటిలో ‘గ్రైమీ’ ఎక్కువగా ఉపరితలాలకు సంబంధించినది. కిటికీ అద్దాలు, గోడలు, యంత్రాలు, ముఖాలు గ్రైమీ అవుతాయి. నల్లగా, సన్నగా, రుద్దితే గాని వదలని పొర అన్న భావం దానిలో తప్పక ఉంటుంది, అందువల్ల బొగ్గు, పొగ, పట్టణం ఉన్న వర్ణనల్లో అది చక్కగా ఒదుగుతుంది. ‘గ్రబ్బీ’లో కాస్త చనువు, కాస్త తేలికదనం ఉన్నాయి; పసిపిల్లల చేతులను ‘గ్రబ్బీ లిటిల్ హ్యాండ్స్’ అని ముద్దుగా అనవచ్చు. పెద్దవారి చేతుల విషయంలో అదే మాట దురాశను సూచిస్తుంది. బ్రిటిష్ వాడుకలోని ‘మక్కీ’ బురదకూ పేడకూ దగ్గరి మాట, పల్లెదారి నడకకు, పొలం పనికి నప్పుతుంది.

‘సాయిల్డ్’ మర్యాదైన మాట. మురికి పేరు ఎత్తకుండా మురికి సంగతి చెప్పడానికి ఆసుపత్రులు, హోటళ్లు, లాండ్రీలు దీన్ని ఎంచుకుంటాయి. రక్తం, మలమూత్రాలు అంటిన దుప్పట్లను ‘సాయిల్డ్ లినెన్’ అని రాస్తారు. చేతుల శుభ్రతపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ‘విజిబ్లీ డర్టీ’, ‘విజిబ్లీ సాయిల్డ్’ అన్న రెండు ప్రయోగాలూ పక్కపక్కనే ఉంటాయి, రెండవదాన్ని రక్తం వంటి శరీర ద్రవాలతో కలిపి వాడారు. మట్టి అనే అర్థమున్న ‘సాయిల్’ నామవాచకంతో దీన్ని కలపకండి. అక్షరాలు ఒకటే అయినా ఆ నామవాచకమూ ఈ క్రియా వేర్వేరు మూలాలనుంచి వచ్చాయి, ‘సాయిల్డ్’ అనడానికి మట్టి అంటి ఉండనవసరం లేదు.

కంటికి కనిపించని మురికి

ఇంతవరకు చూసిన మాటలన్నీ కంటికో ముక్కుకో అందేవాటిని చెబుతాయి. ‘కంటామినేటెడ్’ అన్న మాటకు ఆ సాక్ష్యం అక్కరలేదు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వ్యాపించి పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయినప్పుడు, వైద్యుడు జాన్ స్నో దాని మూలాన్ని బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటిపంపు దగ్గర గుర్తించాడు. ఆ నీళ్ల రుచి నచ్చి, దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక మహిళ ప్రత్యేకంగా తెప్పించుకొని తాగి మరణించింది. ఆ నీళ్లను ‘డర్టీ వాటర్’ అంటే జరిగినదానికి వ్యతిరేకమైన అర్థం వస్తుంది, ఎందుకంటే మురికిగా కనిపించి ఉంటే ఆమె తాగేదే కాదు. అవి ‘కంటామినేటెడ్’ నీళ్లు: బయటిది ఒకటి వచ్చి తగిలింది, కలిసింది. లాటిన్‌లో ‘తాకడం’ అన్న ధాతువే ఈ మాటకు మూలం, తెలుగులో ‘కలుషితం’ దానికి సరిపోతుంది.

‘పొల్యూటెడ్’తో దీనికి ఉన్న తేడాను పర్యావరణ శాస్త్రం జాగ్రత్తగా పాటిస్తుంది. ఉండకూడని పదార్థం ఉండడం, లేదా సహజ స్థాయికి మించి ఉండడం కంటామినేషన్. దానివల్ల జీవులకు హాని జరిగేంతవరకు వస్తే పొల్యూషన్. ఆ లెక్కన పొల్యూషన్ అంతా కంటామినేషనే గాని, కంటామినేషన్ అంతా పొల్యూషన్ కాదు. మామూలు వాడుకలో మరో తేడా గమనించవచ్చు: గాలి, నది, సముద్రం వంటి విశాలమైనవి పొల్యూట్ అవుతాయి, ఆహారం, గాయం, ప్రయోగశాలలోని నమూనా, రక్తం వంటివి కంటామినేట్ అవుతాయి. గ్లాసులోని నీళ్లను ‘పొల్యూటెడ్’ అనడం కొంచెం వింతగా వినిపిస్తుంది.

‘టెయింటెడ్’లో పరిమాణం తక్కువ, పర్యవసానం ఎక్కువ. చిన్నపాటి చెడు ఒకటి చేరి మొత్తాన్ని పాడుచేసిందన్న భావం దానిది. చెడిపోయిన మాంసానికీ, అక్రమంగా సంపాదించిన సాక్ష్యానికీ అది సమానంగా నప్పుతుంది. ‘ఇంప్యూర్’ రసాయన శాస్త్రంలో నిందలేని మాట, లోహంలో వేరే లోహం కొద్దిగా ఉన్నా అది ఇంప్యూరే. మనసుకో ఆలోచనలకో జతపడితే మాత్రం పూర్తిగా నైతికమవుతుంది. ‘అడల్టరేటెడ్’ను మనం ‘కల్తీ’ అంటాం, మామూలు వాడుకలో లాభం కోసం తక్కువ రకం సరుకు కలపడమనే అర్థమే వస్తుంది. పైన చెప్పిన అమెరికా చట్టంలో మాత్రం మోసం లేకపోయినా, అపరిశుభ్రమైన పరిస్థితుల్లో తయారై కలుషితమయ్యే అవకాశం ఉన్నా సరే, ఆ ఆహారం ‘అడల్టరేటెడ్’ అవుతుంది. ఆ పరిస్థితులకు చట్టం వాడిన మాట ‘ఇన్‌శానిటరీ’. రోజువారీ అమెరికన్ వాడుకలో ‘అన్‌శానిటరీ’ ఎక్కువగా వినిపిస్తుంది. అలవాట్ల గురించి చెప్పాలంటే ‘అన్‌హైజీనిక్’ మేలు. ఈ మూడూ ఆరోగ్యానికి ముప్పు ఉందని చెబుతాయి, రోతను ప్రకటించవు. అందుకే తనిఖీ నివేదికకు, అధికారిక ఫిర్యాదుకు ‘ఫిల్తీ’ కన్నా ఇవే బలమైనవని నా అభిప్రాయం.

‘అన్‌క్లీన్’ను ఈ గుంపులో కలపకూడదు. చూడడానికి ‘శుభ్రంగా లేనిది’ అన్నట్టే ఉన్నా, దాని వెనుక మతపరమైన నిషేధం నీడలా ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ అనువాదంలో లేవీయకాండం ప్రకారం కుష్ఠురోగి తనను తాను ‘అన్‌క్లీన్, అన్‌క్లీన్’ అని కేకవేసి చెప్పుకోవాలి. తెలుగులో ‘మైల’, ‘అశుచి’ అన్న మాటలకు ఇది దగ్గర. నేలను తుడవలేదని చెప్పడానికి ‘నాట్ క్లీన్’ అనండి. ‘అన్‌క్లీన్’ అని మనిషిని అన్నారంటే వెలివేసినంత పని అవుతుంది.

మనిషి వేషం, మనిషి పేరు

తల దువ్వని మనిషి ‘అన్‌కెంప్ట్’. దువ్వడం అన్న పాత క్రియనుంచే ఆ మాట వచ్చింది కాబట్టి జుట్టుకూ గడ్డానికీ అది బాగా నప్పుతుంది, తరువాత తోటలకూ పాకింది. ‘స్క్రఫీ’ అంటే నలిగిన బట్టలు, పట్టింపులేని వేషం. స్నేహితుల మధ్య నవ్వుతూ అనగలిగిన మాట. ‘షాబీ’ అరుగుదలను చెబుతుంది, మురికిని కాదు. పాతబడి వెలిసిన కోటు ఎంత శుభ్రంగా ఉన్నా షాబీయే, దానికి కారణం తరచు లేమి. ‘స్లవెన్లీ’ వీటన్నిటిలో కఠినమైనది, ఎందుకంటే అది స్థితిని దాటి స్వభావాన్ని తప్పుపడుతుంది. ఒక్క ఉదయం తల దువ్వుకోనివారిని స్లవెన్లీ అనడం అన్యాయం.

పేరుప్రతిష్ఠల విషయానికి వస్తే క్రియలు ముందుకు వస్తాయి. ‘టార్నిష్’ అంటే మెరుపు తగ్గించడం, ‘సల్లీ’ అంటే మచ్చ తేవడం, ‘డిఫైల్’ అంటే పవిత్రమైనదాన్ని అపవిత్రం చేయడం. మూడవది గుడికో సమాధికో తగినంత తీవ్రమైన మాట, కంపెనీ పేరుకు వాడితే అతి అవుతుంది. ‘సోర్డిడ్’ వ్యవహారానికి వాడే మాట: స్వార్థం, నీచత్వం, రహస్యం కలిసిన కథ ‘సోర్డిడ్ అఫైర్’. లాటిన్‌లో మురికి అన్నదే దాని మూలమైనా, ఈనాడు అది గదికన్నా నడతకే ఎక్కువగా చెందుతుంది.

ఒకే నది, అనేక మాటలు

ఈ ఎంపికను సాధన చేయడానికి పందొమ్మిదవ శతాబ్దపు థేమ్స్ నది మంచి పాఠం. 1855లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పడవలో వెళుతూ తెల్లని అట్టముక్కలను తడిపి నీళ్లలో వేస్తే, అవి కొద్ది లోతుకు దిగగానే కనిపించకుండా పోయాయి. ఆ పరీక్ష చెప్పినదానికి ‘టర్బిడ్’ అన్న మాట సరిపోతుంది, అంటే కాంతి చొరబడని మడ్డి. వానకాలపు మంచి నదికి కూడా ఆ మాట వర్తిస్తుంది, దానిలో నింద లేదు. ఆ నీళ్లలోకి నగరపు మురుగు అంతా చేరుతోందని చెప్పాలంటే ‘ఫిల్తీ’. 1858 వేసవిలో ఎండ పెరిగి కంపు భరించలేనిదై, పార్లమెంటు భవనపు తెరలను సున్నపు క్లోరైడుతో (బ్లీచింగ్ పొడితో) తడపవలసి వచ్చినప్పుడు ‘ఫౌల్’ తప్ప వేరే మాట నప్పదు. ఆ నీళ్లు తాగినవారికి కలరా సోకిన సంగతిని చెప్పే వాక్యంలో ‘కంటామినేటెడ్’ రావాలి. చేపలు బతకలేని స్థితిని చెబితే ‘పొల్యూటెడ్’. ఒడ్డున ఆ ఆవిరులు పీలుస్తూ బతికినవారి ఇళ్ల గురించి రాసేటప్పుడు ‘స్క్వాలిడ్’ వాడవచ్చు, ఆ మురుగును అక్కడికి వదిలినది వారు కాదన్న సంగతి పక్కనే రాసినప్పుడు. ‘డర్టీ రివర్’ అన్న జంట పై సందర్భాల్లో ఎక్కడా తప్పు కాదు, అయితే ఎక్కడా ఏమీ చెప్పదు.

మీరు రాస్తున్న విషయాన్ని కూడా ఇలాగే ముక్కలుగా విడదీసి చూడండి. చూపుకు అందినది ఒక వాక్యం, ముక్కుకు అందినది ఒక వాక్యం, పరీక్షలో తేలినది ఒక వాక్యం, కారకులెవరన్నది ఒక వాక్యం అయినప్పుడు ఒక్కొక్కదానికి తగిన మాట దాదాపు దానంతట అదే దొరుకుతుంది. సందేహం మిగిలితే నిఘంటువులో అర్థం కన్నా ఉదాహరణ వాక్యాలను చదవండి, ఆ విశేషణం ఏ నామవాచకాల పక్కన నిలుస్తోందో ఒక నాలుగైదు చోట్ల గమనించండి. మీ నామవాచకం ఆ కోవలోది కాకపోతే ‘డర్టీ’ అని రాసి, ఏమి చూశారో మరో వాక్యంలో వివరంగా చెప్పండి.